కోళ్ల షెడ్డులో గిన్నీ కోళ్లు: హైదరాబాద్ పెరట్లో రెండింటినీ కలిపి ఉంచడం ఎలా

మా మొదటి ఆరు గిన్నీ కోళ్లు మా ఇంట్లో ఉన్నది మూడే మూడు రోజులు. నాలుగో రోజు పొద్దున తలుపు తీయగానే ఆరూ వరుసకట్టి బయటికొచ్చాయి, ప్రహరీ ఎక్కాయి, అక్కణ్నుంచి ఎదురింటి వేపచెట్టు మీదికి ఎగిరాయి. సాయంత్రం మా కోళ్లన్నీ బుద్ధిగా గూట్లోకి నడుస్తుంటే ఇవి కొమ్మ మీద నుంచి తమాషా చూశాయి. వారం తిరిగేలోపు రెండు వీధికుక్కల పాలయ్యాయి. మిగతా నాలుగూ ఎటుపోయాయో ఇప్పటికీ తెలీదు. తప్పు వాటిది కాదు. నాటుకోళ్ల కోసం కట్టిన నాలుగడుగుల ఎత్తు గూట్లో వాటిని కుక్కి, ఇదే మీ ఇల్లు అనుకోమన్నాను. ఎవరనుకుంటారు?

ఆ తర్వాత పాత గూడు పీకేసి కొత్త షెడ్డు వేశాను. మాది కీసర వైపు 400 గజాల స్థలం. ఇప్పుడు ఆరు పెట్టలు, ఒక పుంజు, ఏడు గిన్నీలు ఒకే కప్పు కింద ఉంటున్నాయి. ఈ రెండు జాతులనూ కలిపి ఉంచడంలో నాకు తెలిసొచ్చిన కిటుకు ఒకటే: షెడ్డు గిన్నీకి తగ్గట్టు కట్టాలి. అందులో కోడి ఎలాగోలా సర్దుకుంటుంది. కోడి కోసం కట్టినదాంట్లో గిన్నీ సర్దుకోదు. కింద రాసినదంతా దాని చుట్టూ తిరిగేదే.

మొదట పక్కింటి గడప తొక్కండి

షెడ్డు సంగతి తర్వాత. ముందు చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్లతో మాట్లాడండి. గిన్నీ అరుపు పుంజు కూత లాంటిది కాదు. పుంజు కూసి ఊరుకుంటుంది. గిన్నీ ఒకటి మొదలుపెడితే మిగతావన్నీ అందుకుంటాయి, పాత కుట్టుమిషన్ నూనె లేకుండా తిరుగుతున్నట్టు గరగరమంటూ ఐదు నిమిషాలైనా ఆపవు. గ్యాస్ సిలిండర్ అబ్బాయి వస్తే అరుస్తాయి, గాలికి పాలిథిన్ కవర్ ఎగిరితే అరుస్తాయి, ఇంట్లోవాళ్లే కొత్త టోపీ పెట్టుకుని వస్తే అరుస్తాయి. కాపలాకి ఇంతకు మించిన పక్షి లేదు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున పడుకునే పక్కింటి కుర్రాడికి ఇంతకు మించిన శత్రువూ లేదు.

అందుకే నా మాట సూటిగా: అపార్ట్‌మెంట్‌లో వద్దు, టెర్రస్ మీద అసలే వద్దు, ఇల్లూ ఇల్లూ ఆనుకున్న 100 గజాల ఇంట్లోనూ వద్దు. ఘట్‌కేసర్, కీసర, శామీర్‌పేట, శంషాబాద్, ఇబ్రహీంపట్నం వైపు కాస్త ఖాళీ స్థలం ఉన్న ఇళ్లకూ ఫామ్‌హౌస్‌లకూ ఇవి సరిపోతాయి. గేటెడ్ కాలనీ అయితే అసోసియేషన్‌ని ముందే అడగండి. పక్షులు తెచ్చాక మొదలయ్యే పంచాయితీ కంటే తేకముందు చెప్పించుకునే 'నో' వెయ్యి రెట్లు నయం.

ఇది ఎలాంటి పక్షో తెలిస్తే సగం పని అయినట్టే

గిన్నీ సొంత ఊరు ఆఫ్రికా పచ్చికబయళ్లు. పగలంతా గుంపుగా నేలమీద తిరుగుతూ పురుగూ పుట్రా ఏరుకుంటుంది, రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది. మన దగ్గర దొరికేవి చాలా తరాలుగా పెంపకంలో ఉన్నవే అయినా ఆ అలవాటు రక్తంలోంచి పోలేదు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లో ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ మన వాతావరణానికి తగ్గట్టు కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అనే మూడు రకాలు తయారుచేసింది. బూడిద రంగు ఒంటి మీద ముత్యాలు చల్లినట్టు తెల్ల చుక్కలుండేదే మనకు ఎక్కువగా కనిపించే పక్షి. పెరిగిన గిన్నీ కిలోన్నర అటూ ఇటూ తూగుతుంది. ఎండకు బాగా ఓర్చుకుంటుంది. మే నెలలో మా కోళ్లు నోరు తెరుచుకుని రొప్పుతుంటే ఇవి నీడలో తీరిగ్గా ఈకలు దువ్వుకుంటాయి.

కోడికీ దీనికీ ఉన్న తేడాల్లో మూడు మన షెడ్డు ప్లానునే మార్చేస్తాయి. దీనికి ఎత్తు కావాలి. చీకటి గూట్లోకి అడుగుపెట్టదు. మూలకు తరిమితే భయంతో గోడలకు కొట్టుకుంటుంది. ఈ మూడూ మనసులో పెట్టుకుని సుత్తి పట్టండి.

షెడ్డు: ఎత్తు, వెలుతురు, రెండు తలుపులు

పది పన్నెండు పక్షులకు 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు చాలు. అంటే తలకు ఏడెనిమిది చదరపు అడుగులు. పగలు బయట తిరిగే పక్షులైతే మూడు నాలుగు చదరపు అడుగులున్నా సరిపోతుందంటారు. కానీ ముసురు పట్టి రెండు రోజులు తలుపు తీయలేనప్పుడు ఆ మిగులు జాగా విలువ తెలుస్తుంది. ఇరుకైన చోట గిన్నీ మగపక్షి కోళ్ల తోకలు పీకడం మొదలుపెడుతుంది, అది మళ్లీ మాన్పించలేని అలవాటు.

షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే మధ్యాహ్నపు ఎండ లోపలికి నేరుగా కొట్టదు. కప్పు ఒకవైపు 7 అడుగులు, ఇంకోవైపు ఎనిమిదిన్నర. ఈ ఎత్తు దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు. రేకుల కప్పయితే పైన సున్నం కొట్టి, దాని మీద తాటాకులో కొబ్బరి మట్టలో పరిచి తాడుతో కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం లేచే గాలివానకు కట్టని మట్టలు పక్కవీధిలో తేలతాయి. రేకులకు కూడా మామూలు మేకులు కాకుండా జె హుక్కులు వేయించండి.

గోడ కిందినుంచి రెండడుగుల దాకా ఇటుక. దానిపైన అంతా జాలీ. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, చవగ్గా వస్తుందని ఆరుకోణాల గళ్ల కోడి జాలీ కొనడం. అది కోడిని బయటికి పోనివ్వదు, అంతే. కుక్క పళ్లతో లాగితే చిరిగిపోతుంది, ముంగిస దూరిపోతుంది. అర అంగుళం గళ్ల వెల్డ్‌మెష్ (తీగలు అతికించి చేసిన గట్టి జాలీ) తీసుకోండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో చుట్టల లెక్కన దొరుకుతుంది. ధర రెండింతలైనా ఒక్కసారి పెట్టే ఖర్చు. చలికాలంలోనూ జల్లు కొట్టే రోజుల్లోనూ కట్టుకోవడానికి గోనెసంచులు కుట్టిన పరదాలు చాలు. పరదా ఎప్పుడూ కిందినుంచి పైకి మూయాలి, పైన అడుగు ఖాళీ వదలాలి. లేకపోతే రెట్టల ఘాటు లోపలే నిలిచి పక్షులకు కళ్లు మండుతాయి, జలుబు పట్టుకుంటుంది.

నేల గురించి. మా పాత గూడు మట్టి నేల. ఒక రాత్రి పందికొక్కు సొరంగం తవ్వి వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయింది. ఇప్పుడు తాండూరు బండలు పరిచి సందుల్లో సిమెంటు నింపాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ముక్కలైనా పనికొస్తాయి. బండ మీద మూడు నాలుగు అంగుళాల మందాన వరిపొట్టు. వారానికోసారి పారతో తిరగేస్తుంటే పొడిగా ఉంటుంది. తడిసి ముద్దకట్టిన చోటు మాత్రం వెంటనే తీసి కొత్తది వేయాలి, జబ్బులన్నీ పుట్టేది అక్కడే. బండలు వేయలేకపోతే జాలీని గోడ కింద అడుగున్నర లోతుకు పాతిపెట్టండి.

ఇప్పుడు అసలు విషయం, పక్షులు రాత్రి కూర్చునే కర్రలు. రెండంగుళాల మందం ఉన్న సరుగుడు కర్రలు తీసుకుని, కణుపులు చెక్కి నున్నగా చేయండి. కోళ్లకు రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఒక వరుస. గిన్నీలకు ఐదడుగుల ఎత్తులో ఇంకో వరుస, గోడకు అడుగు దూరంగా. మధ్యలో మూడున్నర అడుగుల దగ్గర ఒక కర్ర మెట్టులా. ఒక్కో పక్షికి తొమ్మిది పది అంగుళాల జాగా లెక్కేసుకోండి. పై వరుస కింది వరుసకు నిట్టనిలువుగా పైన ఉండకూడదు. నేను మొదట అలాగే పెట్టాను. తెల్లారేసరికి మా తెల్ల పెట్టల వీపులు చూసి అమ్మ, "వీటికి రాత్రంతా సున్నం కొట్టావా ఏంట్రా?" అంది. వరుసల మధ్య అడుగున్నర అడ్డదూరం ఇస్తే ఆ బాధ ఉండదు.

పై కర్ర పెట్టిన రోజు నుంచి షెడ్డులో గొడవలు సగం తగ్గాయి. గిన్నీకి తన ఎత్తు తనకు దొరికితే కింద కోడి ఎక్కడ కూర్చుందో పట్టదు.

వెలుతురు. సాయంత్రం లోపల ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు వెలగాలి. లోపల చీకటీ బయట వెలుగూ ఉంటే గిన్నీ గడప దగ్గరే నిలబడి మెడ సాచి చూసి వెనక్కి తిరుగుతుంది. లోపల వెలుగు కనిపిస్తే లోపలికొస్తుంది. అన్నీ కర్రలెక్కాక పావుగంట ఆగి బల్బు ఆపేయండి. వైరింగ్ పైపులోంచి పోవాలి. ఎలుకలు కొరికిన వైరూ వరిపొట్టూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

పక్షులు వచ్చిపోయే తలుపులు రెండు ఉండాలి, ఎదురెదురు గోడల్లో. గిన్నీ తరిమితే కోడి ఇంకో తలుపులోంచి పారిపోయే దారి ఉండాలి. అలాగే మేత తొట్లు రెండు, నీళ్ల డబ్బాలు రెండు, వేర్వేరు మూలల్లో. ఒకే తొట్టి పెడితే ముందు గిన్నీలు తిని, కడుపు నిండాక కూడా అక్కడే కాపలా కాస్తాయి.

షెడ్డుకు ఆనుకుని జాలీ ఆవరణ ఉంటే మంచిది, తలకు కనీసం పది చదరపు అడుగుల లెక్కన. దాని పైకప్పు కూడా మూయాలి. గిన్నీ ఎనిమిదడుగుల గోడను కూడా ఆలోచించకుండా దాటేస్తుంది. పైన నైలాన్ వల కట్టినా చాలు, గద్దల బెడదా తప్పుతుంది. ఆవరణలో ఓ మూల ఇసుక, కట్టెల బూడిద కలిపి పోయండి. రెండు జాతులూ అందులో పొర్లి పేలు వదిలించుకుంటాయి. ఆ ఇసుక స్నానం దగ్గర మాత్రం కోడీ గిన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, ఎందుకో నాకు తెలీదు.

పక్షులు తెచ్చుకోవడం

పాతబస్తీ పక్షుల బజారుల్లో గిన్నీలు దొరుకుతాయి. చుట్టుపక్కల జిల్లాల పెంపకందారులూ అమ్ముతారు. బజారులో కొనేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఒకటి, కొందరు గిన్నీని కూడా తీతర్ అనే పిలుస్తారు. అసలు తీతర్ అంటే మన కౌజుపిట్ట (గ్రే ఫ్రాంకోలిన్, ఫారాల్లో పెంచే క్వెయిల్ కాదు). అది అడవి పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. చిన్నదిగా, గోధుమ రంగులో, తలమీద బొడిపె లేకుండా ఉన్న పక్షిని ఎవరైనా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. రెండు, రకరకాల పక్షులు ఒకే చోట ఉండే బజారు నుంచి జబ్బు వెంట తెచ్చుకోవడం చాలా తేలిక. ఆ సంగతి కింద చెబుతాను.

వీలైతే పెద్దవి కాకుండా పిల్లలనే తెచ్చుకోండి. ఒకేసారి అదే వయసు కోడిపిల్లలనూ తెచ్చి కలిపి పెంచితే పెద్దయ్యాక గొడవలు తక్కువ. సాయంత్రం కోళ్ల వెంట షెడ్డులోకి నడవడం కూడా గిన్నీలకు అలాగే అలవాటవుతుంది. ఒకటీ రెండూ కొనొద్దు. ఇది గుంపు పక్షి, ఒంటరిదైతే రోజంతా పిలుస్తూ అరుస్తుంది. కనీసం ఐదారు ఉండాలి.

ఆడా మగా తేడా పిల్లప్పుడు చూసి చెప్పలేం. రెండు నెలలు వచ్చేసరికి గొంతు పట్టిస్తుంది. మగది టక్ టక్ టక్ అని ఒకే ముక్క అరుస్తుంది. ఆడది రెండు ముక్కల పిలుపు పిలుస్తుంది, రెండో ముక్క సాగదీసి పైకి లేపుతూ. మా వీధి పిల్లలకు అది "వచ్చేయ్! వచ్చేయ్!" అన్నట్టు వినిపిస్తుందట. ఆడది ఒక ముక్కలో కూడా అరవగలదు, మగది మాత్రం రెండు ముక్కలు అరవలేదు. కాబట్టి రెండు ముక్కలు విన్నారంటే అది పెట్టే. మగపక్షికి చెంపల కింద వేలాడే తమ్మెలు కూడా పెద్దగా, దొప్పల్లా ముడుచుకుని ఉంటాయి.

పిల్లల్ని బతికించుకోవడం

పెద్ద గిన్నీ మొండి ప్రాణం. గిన్నీ పిల్ల మాత్రం తడిసిందంటే పోయినట్టే. మొదటి రెండు మూడు వారాలు గట్టెక్కిస్తే తర్వాత దిగులు లేదు.

పెద్ద అట్టపెట్టెలోనో, రేకును గుండ్రంగా చుట్టి కట్టిన దడిలోనో పెంచండి. మూలలు ఉండకూడదు. భయపడితే పిల్లలన్నీ ఒక మూలకు కుప్పపడి కిందివి ఊపిరాడక చస్తాయి. కింద న్యూస్‌పేపర్ వేయొద్దు. కాళ్లు జారి చెరోవైపు పోతాయి, ఆ కాళ్లు మళ్లీ దగ్గరికి రావడం కష్టం. వరిపొట్టు పోసి, మొదటి వారం దాని మీద గోనెపట్టా పరవండి.

మొదటి వారం 35 డిగ్రీల వేడి, తర్వాత వారానికి రెండున్నర మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. పాత రకం 60 లేదా 100 వాట్ల బల్బు కావాలి. ఎల్‌ఈడీ వెలుగిస్తుంది కానీ వేడినివ్వదు. ఈ మాట వింతగా ఉన్నా రాస్తున్నాను, ఎందుకంటే నాకు తెలిసిన ఒకాయన జనవరి చలిలో ఎల్‌ఈడీ కింద పిల్లల్ని పెట్టి, ఎందుకు చస్తున్నాయో తెలీక నాలుగు రోజులు తల పట్టుకున్నాడు. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కుతున్నాయంటే చలి, అంచులకు పోయి నోళ్లు తెరిచాయంటే వేడి, పరుచుకుని పడుకున్నాయంటే సరిగ్గా ఉంది. ఏప్రిల్, మేలో మన దగ్గర పగలు బల్బే అక్కర్లేదు. మేడమీది గదిలో పెడితే ఇంకా చల్లబరచాల్సిన పరిస్థితి.

నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు నింపండి. అరంగుళం నీటిలో కూడా మునిగి చస్తాయి. మొదటి రోజు ఒక్కో పిల్ల ముక్కు నీళ్లకు తాకించి తాగడం చూపించాలి.

మేత విషయంలో కోడిపిల్లకూ గిన్నీ పిల్లకూ తేడా ఉంది. గుడ్లకోళ్ల పిల్లల దాణాలో మాంసకృత్తులు సుమారు 20 శాతం ఉంటాయి. గిన్నీ పిల్లకు మొదటి నెల 24 శాతం దాకా కావాలి. బ్రాయిలర్ ప్రీస్టార్టర్‌లో, అంటే మాంసం కోళ్ల పిల్లలకు మొదట్లో పెట్టే దాణాలో, 22, 23 శాతం ఉంటుంది కాబట్టి అదే తెచ్చి, ఉడికించిన గుడ్డు చిదిమి కొంచెం కలిపితే సరిపోతుంది. కలిసి పెరిగే కోడిపిల్లలు అదే తిన్నా ఆ నెలకు నష్టమేమీ లేదు. రెండో నెల నుంచి మామూలు గ్రోయర్‌ (ఎదిగే కోళ్ల) దాణాకు మార్చండి. ఒక్క జాగ్రత్త, దాణా బస్తా మీద కాక్సీ (రక్త విరేచనాల జబ్బు) మందు కలిపినట్టు రాసి ఉంటే ఆ మందు గిన్నీలకు పడుతుందో లేదో డాక్టర్‌ని అడిగి గానీ పెట్టొద్దు. కోడికి పడినవన్నీ దీనికి పడవు.

కొత్తవాటిని పాతవాటితో కలపడం

పెద్ద పక్షుల్ని తెచ్చినా, పెంచిన పిల్లల్ని పెద్ద కోళ్లలో కలిపినా వరుస ఒకటే. తొందరపడితే నా మొదటి ఆరింటి కథే.

బయటినుంచి తెచ్చినవైతే మొదటి మూడు నాలుగు వారాలు పూర్తిగా వేరే చోట. వేరే గిన్నె, వేరే చెప్పులు. ముందు పాత కోళ్ల పని చూసుకుని ఆ తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి, వరుస తప్పకూడదు. ముక్కు కారడం, మెడ తిప్పడం, పచ్చటి విరేచనం కనిపిస్తే అక్కడే ఆగి పశువైద్యశాలకు వెళ్లండి.

తర్వాత రెండు వారాలు షెడ్డులోనే, మధ్యలో జాలీ అడ్డం పెట్టి. ఒకదాన్నొకటి చూడాలి, వినాలి, పొడవలేకపోవాలి. ఆ తర్వాత ఒక సాయంత్రం, అన్నీ కర్రలెక్కాక అడ్డం తీసేయండి. పొద్దున లేచి పక్కన చూసుకుని పెద్దగా ఆశ్చర్యపోవు. ఆ రోజు మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. ముక్కుతో ఒక పోటు, కొంచెం తరుముడు మామూలే. రక్తం కనిపించినా, ఒక కోడి మేత దగ్గరికే రాలేకపోతున్నా మళ్లీ అడ్డం పెట్టి ఇంకో వారం ఆగాలి.

షెడ్డులోకి వచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు గిన్నీలను బయటికి వదలొద్దు. ఈ రెండు నెలల్లోనే వాటికి ఇది ఇల్లని తెలుస్తుంది. ఇదే సమయంలో పిలుపు నేర్పండి. నేను పాత బోర్న్‌వీటా డబ్బాలో కొర్రలు పోసి గలగలలాడిస్తాను. రోజూ సాయంత్రం అదే శబ్దం, ఆ వెంటనే గుప్పెడు కొర్రలు, అదీ షెడ్డు లోపలే. కొర్రలో సజ్జలో ఏదో ఒకటి ఈ ఒక్క సమయానికే ఉంచండి, పగలు వేయొద్దు.

మొదటిసారి బయటికి

అన్నింటినీ ఒకేసారి వదలకండి. మొదటి రోజు సాయంత్రం, మేత వేయకముందు, ఒకటి లేదా రెండు. లోపలున్నవి పిలుస్తుంటాయి, బయటివి దూరం పోలేక షెడ్డు చుట్టూనే తిరుగుతాయి. గంటలో డబ్బా గలగలలాడించి లోపలికి తీసుకోండి. మూడు నాలుగు రోజులకోసారి ఒక్కో పక్షిని పెంచుకుంటూ పోండి. చివరిదాకా ఒకటైనా లోపల ఉండాలి. అన్నీ బయటికొచ్చే రోజుకు మొదట వెళ్లినవి దారి చూపిస్తాయి.

సాయంత్రం వేళ మాత్రం గడియారం చూసుకోవాలి. మన దగ్గర డిసెంబరులో ఐదూ నలభై, నలభై ఐదుకల్లా పొద్దు కుంకుతుంది, జూన్‌లో ఆరూ యాభై దాటుతుంది. పొద్దు కుంకడానికి ముప్పావుగంట ముందే డబ్బా మోగాలి. చీకటి పడిందంటే గిన్నీకి కళ్లు కనిపించవు, ఎక్కడున్నది అక్కడే దగ్గర్లోని కొమ్మెక్కుతుంది. ఇక రాత్రంతా అది దేవుడి దయ.

రెక్కలు కత్తిరించాలా? మొదటి ఏడాది నేను ఒకవైపు రెక్కకు చివరి పెద్ద ఈకలు కత్తిరించాను. గోడ దాటడం తగ్గింది. కానీ కుక్క వచ్చినప్పుడు ఎగిరి తప్పించుకోలేవు, పైకర్రకూ ఎగరలేవు. ఇప్పుడు కత్తిరించడం లేదు.

పట్టుకోవాల్సి వస్తే కాళ్లు పట్టుకోవద్దు. కోడిని తలకిందులుగా కాళ్లు పట్టి మోసే అలవాటు మనకు చిన్నప్పటి నుంచీ ఉంది. గిన్నీ కాళ్లు అలా పడితే కీలు తప్పుతాయి. రాత్రి కర్ర మీద ఉన్నప్పుడు టార్చి పట్టుకుని వెళ్లి, రెండు చేతులతో రెక్కలు కలిపి ఒళ్లంతా పట్టుకోండి. పగలు పట్టాలంటే దుప్పటో చేపల వలో కావాలి, ఓపిక కూడా.

మన ఊరి ప్రత్యేక బెడదలు మూడున్నాయి. సంక్రాంతికి వారం ముందు నుంచీ చెట్లకూ గోడలకూ వేలాడే మాంజా కాళ్లకు చుట్టుకుంటుంది, రోజూ పెరడంతా తిరిగి ఏరేయండి. దీపావళి నాలుగు రోజులూ బయటికి వదలకపోవడమే మేలు. ఒక్క లక్ష్మీబాంబుకు గుంపంతా నాలుగు దిక్కులా ఎగిరిపోతుంది. బోనాల డప్పులకు మాత్రం ఎంచేతో మా గిన్నీలు అంతగా బెదరవు, ఎదురు అరుస్తాయి.

పాముల సంగతి చాలామంది అడుగుతారు. గిన్నీలు పామును చూస్తే చుట్టూ మూగి గోల గోల చేస్తాయి, చిన్నదాన్నైతే పొడుస్తాయి కూడా. అంతమాత్రాన పెరట్లోకి పాములే రావని నమ్మకండి. షెడ్డులో గుడ్లూ ఎలుకలూ ఉంటే పాము వస్తుంది. గోల విని వెళ్లి చూస్తే పడగ కనిపిస్తే మీరు కర్ర తీయొద్దు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లున్నారు, వాళ్లకు ఫోన్ చేసి దూరం నుంచి చూస్తూ ఉండండి.

పుంజుకూ మగ గిన్నీకీ మధ్య

మామూలు రోజుల్లో ఇవి ఒకదాన్నొకటి పట్టించుకోవు. ఎండాకాలం మొదలై గిన్నీల జత కట్టే సీజన్ రాగానే మగవాటికి పూనకం వస్తుంది. వీపు వంచి, రెక్కలు పైకెత్తి, వెనకనుంచి వచ్చి పుంజు తోక పట్టి లాగుతాయి. పుంజు ఎదురెదురుగా నిలబడి కొట్లాడటం ఎరుగును, వెనకనుంచి వచ్చేవాడితో ఏం చేయాలో దానికి తెలీదు. మా పుంజు మొదటి ఏడాది తోక లేకుండానే ఉగాది చేసుకుంది.

ముందుగా మగవాటిని తగ్గించండి. నాలుగైదు గిన్నీ పెట్టలకు ఒక మగది చాలు. ఆవరణలో అడ్డాలు పెట్టండి, నిలబెట్టిన పాత తలుపు, సిమెంటు తూము, కట్టెల మోపు, ఏదైనా సరే. తరుముతున్నవాడికి కనబడకపోతే తరమడం మర్చిపోతాడు. అప్పటికీ ఒకే పక్షి పదే పదే చేస్తుంటే దాన్ని మూడు నాలుగు రోజులు వేరుగా ఉంచి మళ్లీ వదలండి, కొంత పొగరు దిగుతుంది. దిగకపోతే అమ్మేయండి లేదా వండుకోండి. ఒక్కదాని కోసం పన్నెండు పక్షులను టెన్షన్‌లో పెట్టడం దండగ.

గిన్నీకీ కోడికీ సంకరం జరగడం అరుదే కానీ జరుగుతుంది. పుట్టినవి గొడ్డువి, వాటికి పిల్లలు పుట్టవు.

మేత, జబ్బులు

పెద్దవాటికి గుడ్లకోళ్ల దాణా రెండు జాతులకూ సరిపోతుంది. ఎదుగుతున్న పిల్లలున్నప్పుడు మాత్రం ఆ దాణా వాటికి అందనివ్వొద్దు, అందులో కాల్షియం ఎక్కువ. లోపలే ఉంచితే రోజుకు ఒక్కోదానికి వంద గ్రాముల అటూ ఇటూ. బయట తిరిగే గిన్నీలు సగం కడుపు పురుగులతో, గడ్డి గింజలతో నింపుకుంటాయి. కోడిలా నేలంతా గీరవు కాబట్టి కూరమడులు కొంతవరకు బతుకుతాయి. కొంతవరకే, లేత పాలకూర వాటికీ ఇష్టమే.

టీకాల్లో వదలకూడనిది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్ జబ్బు టీకా. కోడిపిల్లలకు మొదటి వారంలో కంటిలో లసోటా చుక్క, నాలుగో వారంలో మళ్లీ, ఎనిమిదో వారంలో ఆర్‌2బి సూది. గిన్నీలకూ ఆ తెగులు సోకుతుంది, వాటినీ తీసుకెళ్లి డాక్టర్‌తో మాట్లాడి వేయించండి. టీకా మందును ఐసు మీద తెచ్చి, కలిపిన గంట రెండు గంటల్లోనే వాడాలి. నాటుకోళ్ల రకాలూ పెంపకం మెళకువలూ తెలుసుకోవాలంటే రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఉంది. వనరాజా, గ్రామప్రియ కోళ్లు అక్కడివే.

నేలమీద రెట్టల్లో తిరిగే పక్షులకు మూడు నెలలకోసారి డాక్టర్ చెప్పిన నట్టల మందు పట్టించాలి. టర్కీలను కూడా వీటిలో కలపాలనే ఆశ ఉంటే మానుకోండి. కోళ్ల నట్టల గుడ్లలో దాగి వచ్చే బ్లాక్‌హెడ్ జబ్బు కోడిని పెద్దగా ఏమీ చేయదు, టర్కీని చంపేస్తుంది. గిన్నీకీ అది రావచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నేను నెలకు పైగా పక్షుల్ని బయటికి వదల్లేదు, బజారు నుంచి ఒక్కటీ తేలేదు. ఒకేసారి రెండు మూడు పక్షులు చనిపోతే కోసి చూడటం, పారేయడం చేయకుండా పశువైద్యాధికారికి చెప్పాలి.

గుడ్లు, పొదగడం

కోడి ఏడాదంతా గుడ్లు పెడుతుంది. గిన్నీ ఎండాకాలం మొదలు వానలు తగ్గేదాకానే. సీజన్‌కు తొంభై నుంచి నూరు దాకా పెట్టొచ్చు. గుడ్డు చిన్నది, నలభై గ్రాములుంటుంది, పెంకు మాత్రం రాయి. ఆమ్లెట్‌కి పగలగొట్టడానికి గట్టిగానే కొట్టాలి.

కోళ్లకు అడుగు పొడవు, అడుగు వెడల్పు పెట్టెలు చాలు. గిన్నీ వాటివైపు చూడదు. గడ్డిదుబ్బుల్లో, కట్టెల చాటున గుంట చేసుకుని అన్నీ ఒకేచోట పెడతాయి. సీజన్‌లో మధ్యాహ్నం దాటేదాకా లోపలే ఉంచితే చాలా గుడ్లు షెడ్డు మూలల్లోనే దొరుకుతాయి. ఒక మూలకు అడ్డంగా చెక్క వాల్చి, వెనక చీకటి జాగా చేసి వరిగడ్డి వేయండి. రాత్రి పడుకోవడానికి వెలుతురు కోరే పక్షి గుడ్డు పెట్టడానికి చీకటి వెతుకుతుంది. బయట గూడు దొరికితే గుడ్లన్నీ ఊడ్చేయకుండా ఐదారు వదలండి, లేకపోతే రేపటి నుంచి ఇంకోచోటు వెతుక్కుంటుంది.

పొదగడానికి గిన్నీ తల్లిని నమ్ముకోవద్దు. బాగానే పొదుగుతుంది, పిల్లలు రాగానే తెల్లవారుజామున మంచుతో తడిసిన గడ్డిలో వాటిని ఈడ్చుకుపోతుంది. సాయంత్రానికి సగం మిగలవు. పొదుగు మీదున్న నాటుకోడి కింద పన్నెండు పదిహేను గిన్నీ గుడ్లు పెట్టండి. కోడిగుడ్డు 21 రోజులకు, గిన్నీ గుడ్డు 26 నుంచి 28 రోజులకు పగులుతుంది. రెండూ ఒకే కోడి కింద పెట్టాలంటే గిన్నీ గుడ్లు పెట్టిన ఆరో రోజున కోడిగుడ్లు చేర్చాలి, అప్పుడు అన్నీ ఒకటి రెండు రోజుల తేడాలో వస్తాయి. 21 రోజులు దాటాక కూడా లేవకుండా కూర్చునే కోడినే దీనికి ఎంచుకోండి. కోడి రోజుకోసారి లేచినప్పుడు పక్కనే మేత, నీళ్లు ఉండాలి.

పెంకు మందం వల్ల టార్చి పెట్టి చూస్తే లోపల సరిగా కనబడదు, పదో రోజు దాకా ఆగి చూడండి. పిల్లలు దిగాక తల్లినీ పిల్లల్నీ మూడు వారాలు వేరే గంప కింద, పొడి నేల మీద ఉంచండి. నాటుకోడి పెంచిన గిన్నీలు ఆమె వెనకాలే షెడ్డులోకి నడుస్తాయి, ఆమె పక్కనే కింది కర్ర మీద పడుకుంటాయి. మూడో నెలలో ఒక సాయంత్రం అవి పైకర్రకు ఎగురుతాయి. కింద తల్లికోడి మెడ పైకెత్తి చాలాసేపు కొక్కొక్కోమంటుంది.